ఓటెయ్యని మంత్రులను అడగరేం?

సంపాదకులకు నమస్కారం.

బ్రెగ్జిట్ (ఐరోపా యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడం) ఎలా జరగాలన్న ప్రత్యామ్నాయాలపై బ్రిటన్ పార్లమెంటు దిగువసభలో జరిగిన ఓటింగు గురించి గత వారం మీరు వేసిన వార్త చూశాను. ఎనిమిది ప్రతిపాదనలూ వీగిపోయాయని ఎగతాళిగా నాలుగు ముక్కలు రాసి సరిపెట్టారే గాని, వాటిని వీగిపోనిచ్చింది ఎవరన్నది ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు.

2019 మార్చి 27న సభ్యులకు ఎనిమిది ప్రతిపాదనలున్న కాగితం ఇచ్చి, ఒక్కొక్కదాని ఎదుట అవునో కాదో గుర్తు పెట్టమన్నారు. ఎన్నింటికైనా అవుననవచ్చు. అంత వెసులుబాటు ఉన్నా దేనికీ ఆధిక్యం రాలేదు. ఏప్రిల్ 1న నాలుగింటిని మళ్లీ ఓటింగుకు పెడితే, ఐరోపా యూనియన్‌తో కస్టమ్స్ యూనియన్ (ఉమ్మడి సుంకాల ఏర్పాటు) ఉండాలన్న ఎంపీ కెన్నెత్ క్లార్క్ ప్రతిపాదన 273–276తో, అంటే మూడే ఓట్ల తేడాతో ఓడింది. రెండుసార్లూ ప్రధాని థెరిసా మే క్యాబినెట్ మంత్రులు ఓటింగుకు దూరంగా ఉన్నారు. దేశానికి దారి చూపవలసిన వారు గోడ మీద పిల్లుల్లా కూర్చుని, సభకు ఏం కావాలో సభకే తెలియదని దెప్పిపొడవడం ఏం న్యాయం? వైదొలగడంపై ప్రధాని ఐరోపా యూనియన్‌తో కుదుర్చుకున్న సొంత ఒప్పందమైతే జనవరిలో 230 ఓట్ల తేడాతో, మార్చిలో మరో రెండుసార్లు ఓడింది. మూడో విడత ఓటింగుకు వీలు కల్పించే సవరణపై ఏప్రిల్ 3న 310–310 సమానం కాగా, స్పీకర్ బెర్కో వ్యతిరేకంగా వేసిన ఓటుతో అదీ పోయింది. 2016లో ఉండాలా, వెళ్లాలా అని మాత్రమే ప్రజలను అడిగి, ఎలా వెళ్లాలన్నది గడువు మీద పడ్డాక సభ ముందుకు రావడంతోనే ఈ అవస్థంతా వచ్చింది.

అయినా వెక్కిరించే అర్హత మనకేం ఉంది? 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును మన లోక్‌సభ మూజువాణి ఓటుతో, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అనే పద్ధతిలో ఆమోదించింది. ఆ వేళకు టీవీ ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. విభజన మంచిచెడ్డల జోలికి నేను పోవడం లేదు. ఇంత పెద్ద నిర్ణయంలో ఏ సభ్యుడు ఎటు ఓటేశాడో చూపే కాగితం మన దగ్గర లేదు. వాళ్లేమో వీగిపోయిన ప్రతిపాదనలకు సైతం ఎవరు ఏమన్నారో పేర్లతో ప్రకటించారు. 2018లో లక్షల కోట్ల కేంద్ర బడ్జెట్ పద్దులు లోక్‌సభలో చర్చే లేకుండా గిలటిన్‌తో (అన్నింటినీ ఒకేసారి ఓటుకు పెట్టి ముగించే పద్ధతితో) గట్టెక్కాయి. దానిమీద మీ పత్రికకు ఇంత నవ్వు రాలేదు.

2019 ఏప్రిల్ 11న మన పోలింగు. అభ్యర్థుల రంగుల ప్రకటనలకు పేజీలకు పేజీలు ఇస్తున్నారు కదా, మళ్లీ పోటీలో ఉన్న ఎంపీలు గత ఐదేళ్లలో ఏ బిల్లుకు ఎటు ఓటేశారో ఒక్క పట్టిక వేయండి. మూజువాణి మూలంగా వేయలేకపోతే ఆ సంగతైనా మొదటి పేజీలో రాయండి.

– ఒక పాఠకుడు, తెనాలి