రొమ్ము క్లినిక్ చీటీ వెనకవైపు ఖాళీగా ఎందుకుండాలి?

సంపాదకులకు నమస్కారం.

రొమ్ములో గడ్డ తగిలితే ఆలస్యం చేయొద్దని ఏటా అక్టోబరులో పత్రికలన్నీ రాస్తాయి. మంచి పని. అయితే గడ్డ చేతికి తగిలి, డాక్టరు రొమ్ము క్లినిక్‌కు చీటీ రాసిచ్చాక లోపల ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. చీటీ మీద తేదీ, గది నంబరు ఉంటాయి, అంతే. ఏం చేస్తారో తెలియక భయపడి ఆ తేదీని దాటేసేవాళ్లున్నారు. ఆ చీటీ వెనకవైపు అచ్చు వేయాల్సిన సంగతులివి. దయచేసి ప్రచురించండి.

క్లినిక్‌కు పంపారంటే క్యాన్సర్ అని తేలిపోయినట్టు కాదు. అక్కడికి వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం నీటి బుడగలో, చిన్న వయసువాళ్లలో వేలి కింద జారిపోయే ఫైబ్రోఎడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డలో, నెలసరితో పాటు గట్టిపడి మెత్తబడే మామూలు రొమ్ము భాగమో అయివుంటాయి. అది తేల్చడానికే మూడంచెల పరీక్ష: చేత్తో చూడటం, ఫొటో తీయడం, అవసరమైతే సూదితో ముక్క తీయడం. అన్నీ ఒకే రోజు చేసే చోట రెండు మూడు గంటలు పడుతుంది. ఆ పూట ఇంకో పని పెట్టుకోకండి, ఒక మనిషిని తోడు తీసుకెళ్లండి.

వెళ్లే రోజు స్నానం చేశాక చంకలకు, రొమ్ములకు డియోడరెంట్, పౌడర్, క్రీము రాయకూడదు. వాటిలోని అల్యూమినియం, జింకు రేణువులు మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్-రేలో) తెల్లటి చుక్కలుగా కనిపిస్తాయి. తొలిదశ క్యాన్సర్‌లో కనిపించే సున్నపు చుక్కలూ అలాగే ఉంటాయి కాబట్టి అనుమానం వచ్చి మళ్లీ తీయాల్సి వస్తుంది. నడుము పైభాగం మాత్రమే తీయగలిగే బట్టలు వేసుకోండి. పాత మామోగ్రామ్ ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ఫిల్ములో సీడీనో కూడా కావాలి. రెండేళ్ల కిందటి చుక్క ఇప్పటికీ అలాగే ఉందా, పెరిగిందా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. వాడే మందుల పేర్లు రాసుకెళ్లండి. రక్తం పలచబడే మందులుంటే ముందే చెప్పండి. వాటిని సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం.

డాక్టరు అడిగేవి ఊహించగలిగినవే: గడ్డ ఎప్పుడు కనిపించింది, నెలసరితో మారుతోందా, చివరి నెలసరి తేదీ, హార్మోన్ మాత్రలు వాడుతున్నారా, గర్భవతా, పాలిస్తున్నారా. చనుమొన నుంచి ద్రవం వస్తుంటే దానంతటదే వస్తోందా, నొక్కితేనా, ఏ రంగు అని అడుగుతారు. దుస్తుల మీద రక్తపు మరక కనిపించి ఉంటే తప్పక చెప్పాలి. కుటుంబంలో ఎవరికైనా ఉందా అన్న చోటే ఎక్కువమంది పొరబడతారు. అమ్మ, అమ్మమ్మ, పిన్ని వరకు చెప్పి ఆగిపోతారు. మేనత్తకో నాయనమ్మకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చినా అంతే ముఖ్యం, ఈ క్యాన్సర్లకు దారితీసే జన్యులోపం తండ్రి వైపు నుంచీ వస్తుంది.

తరవాత పరీక్ష. కూర్చోబెట్టి, చేతులు కిందికి, తలపైకి, నడుము మీద నొక్కిపెట్టి చూస్తారు. చర్మం ఎక్కడైనా లోపలికి లాగుతుంటే అప్పుడే బయటపడుతుంది. పడుకోబెట్టి రెండు రొమ్ములూ, చంకలూ, మెడ ఎముక పైభాగమూ వేళ్లతో తడుముతారు. గదిలో మహిళా సిబ్బంది ఉండాలని అడిగే హక్కు మీకుంది. నోరు తెరిచి అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

అందరూ ఎక్కువ భయపడేది మామోగ్రామ్‌కే. నిలబెట్టి, రొమ్మును ఒక పలక మీద ఉంచి, పైనుంచి పారదర్శకమైన ఇంకో పలకతో నొక్కుతారు. ఒక్కో వైపు రెండు ఫొటోలు, ఒకటి పైనుంచి కిందికి, ఒకటి పక్కనుంచి ఏటవాలుగా. మొత్తం నాలుగు. నొక్కేది కొన్ని సెకన్లే. కొందరికి బిగుతుగా ఉంటుంది, కొందరికి బాగా నొప్పి పుడుతుంది, ఆ సంగతి దాచడం తప్పు. నొక్కకపోతే లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి పడి చిన్న మచ్చలు దాగిపోతాయి, రేడియేషన్ కూడా ఎక్కువ ఇవ్వాలి. భుజం బిగబట్టకుండా వదిలేస్తే ఛాతీ కండరం సడలి నొప్పి తగ్గుతుంది, ఫొటోలో ఎక్కువ భాగం పడుతుంది. కదిలితే ఫొటో అలుక్కుపోయి మళ్లీ తీయాలి. నొక్కడం వల్ల క్యాన్సర్ రాదు, పాకదు. నాలుగు ఫొటోలకూ కలిపి పడే రేడియేషన్ సుమారు 0.4 మిల్లీసీవర్ట్, మామూలుగా ఏడు వారాల్లో ప్రకృతి నుంచి మన మీద పడేంత.

40 ఏళ్లలోపు వాళ్లకు, గర్భిణులకు సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. జెల్ రాసి చూస్తారు, నొప్పి ఉండదు.

ఒక హెచ్చరిక. చేతికి గడ్డ తగులుతూనే ఉండి మామోగ్రామ్ మామూలుగా ఉందంటే అక్కడితో వదిలేయకూడదు. కొవ్వు తక్కువగా, గ్రంథులు ఎక్కువగా ఉండే చిక్కటి రొమ్ముల్లో గడ్డ ఫిల్ముపై కనిపించకపోవచ్చు. అల్ట్రాసౌండ్ ఎప్పుడు చేస్తారని అడగాలి.

సూది పరీక్షలో, గడ్డ నీటి బుడగైతే నీరు లాగగానే అక్కడికక్కడే అణిగిపోతుంది. గట్టి గడ్డైతే కోర్ బయాప్సీ. ముందు ఆ చోటికి మాత్రమే మత్తు ఇంజెక్షన్, అది కొన్ని సెకన్లు చురుక్కుమంటుంది. తరవాత రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, రెండు మిల్లీమీటర్ల మందమున్న సూదితో ముక్కలు తీస్తారు. స్ప్రింగు సూది ఒక్కసారిగా ‘టక్’మంటుంది. ముందే చెప్పి ఆ శబ్దం వినిపిస్తే మనిషి ఉలిక్కిపడదు. చెప్పకుండా చేస్తే ఉలిక్కిపడి కదులుతుంది, సూది గురితప్పుతుంది. మూడు నుంచి ఐదారు ముక్కలు తీసి, పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టి పట్టీ వేస్తారు, కుట్లుండవు. కమిలిన మచ్చ వారం పది రోజులుంటుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు, ఆ ఒకటి రెండు రోజులు బరువులెత్తొద్దు. అదిమినా రక్తం ఆగకపోయినా, వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే తిరిగి వెళ్లాలి.

సూది పెడితే జబ్బు పాకుతుందన్న మాట నమ్మి చాలామంది వెనక్కి వెళ్లిపోతున్నారు. అది నిజం కాదు. నిజంగా నష్టం చేసేది సూది పరీక్ష లేకుండా గడ్డను ముందే కోసి తీసేయడం. అది క్యాన్సరని తరవాత తేలితే అంచుల్లో ఎంత మిగిలిందో తెలియదు, రెండో ఆపరేషన్ తప్పకపోవచ్చు, ముందు మందులిచ్చి గడ్డను కుదించే అవకాశమూ పోతుంది. ఫొటోలకు ముందే సూది గుచ్చడం కూడా పొరపాటే, లోపల రక్తం గూడుకట్టి ఫొటో తికమకపెడుతుంది.

ఫొటోల రిపోర్టులో బైరాడ్స్ అని, క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే 0 నుంచి 6 వరకు ఒక అంకె ఉంటుంది. 0 చూసి ‘ఏమీ లేదట’ అని ఇంటికెళ్లేవాళ్లున్నారు. 0 అంటే ఇంకా ఫొటోలు కావాలని, లెక్క తేలలేదని. 1, 2 అంటే భయం లేదు. 3 అయితే సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. 4, 5కి సూది పరీక్ష కావాలి. 4 రాగానే క్యాన్సరని అనుకోకూడదు, ఆ మెట్టులో అనుమానం 2 శాతం నుంచి 95 శాతం దాకా ఉంటుంది. 6 అంటే బయాప్సీలో ఇప్పటికే నిర్ధారణ అయిందని.

సూదితో తీసిన ముక్క, పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో నానాలి, మైనంలో పోసి పొరలుగా కోయాలి, రంగులద్దాలి. అందుకే రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. క్యాన్సరైతే ఏ మందులు పనిచేస్తాయో చెప్పే ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (ఒక ప్రొటీన్) పరీక్షలకు ఇంకొన్ని రోజులు. ఆలస్యమైందంటే ఏదో దాస్తున్నారని కాదు. రిపోర్టు ఏ రోజు వస్తుంది, ఎవరు చెబుతారు, రాకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి — ఈ మూడూ రాయించుకోకుండా గది దాటొద్దు.

మగవాళ్లకూ ఇదే వరస. వాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది, సిగ్గుపడి ఆలస్యం చేస్తారు.

ఆస్పత్రుల యాజమాన్యాలకు మా విన్నపం: ఇందులో కనీసం డియోడరెంట్, పాత ఫిల్ములు, మందుల జాబితా, తోడుమనిషి, పట్టే సమయం, ఫోన్ నంబరు, ఈ ఆరింటినీ పెద్ద అక్షరాల్లో తెలుగులో చీటీ వెనక అచ్చు వేయించండి. చదవలేనివాళ్లకు కౌంటర్ దగ్గర ఒకరు నోటితో చెప్పే ఏర్పాటు చేయండి.

— రొమ్ము క్లినిక్ నర్సులు, రేడియోగ్రాఫర్లు