బోరుబండి రాకముందే కాయితం రాసుకోవాలె

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే దేవరకొండ, మునుగోడు వైపు చెలకల్లో బోరుబండ్ల చప్పుడు రాత్రంతా ఆగదు. మూడు బోర్లు ఫెయిలైన రైతు మిత్తికి తెచ్చి నాలుగోది వేయిస్తే లోకం మూర్ఖత్వమంటుంది. కాదు. నష్టంలో ఉన్న మెదడు ఎవరిదైనా అట్లనే లెక్కేస్తుంది.

1979లో కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అచ్చేసిన ప్రశ్న ఇది: ఖాయంగా 3,000 పోగొట్టుకుంటారా, 80 శాతం అవకాశంతో 4,000 పోయే పందెం కాస్తారా? నూటికి 92 మంది పందేనికే మొగ్గారు. సగటున అందులో పోయేది 3,200, అంటే అదే నష్టపు బేరం. అవే అంకెలు లాభంగా అడిగితే 80 మంది ఖాయమైన 3,000 చాలన్నారు. జవాబిచ్చినవాళ్లు ఇజ్రాయెల్ విశ్వవిద్యాలయాల విద్యార్థులు, అధ్యాపకులు. అప్పుల్లో ఉన్న రైతులు కారు.

ఇక బండి దగ్గర. 280 అడుగులకు పొడి దుమ్ము కాస్త తడిగా వస్తుంది. "చెమ్మ తగిలింది, ఇంకో వంద పోనీయ్" అంటారు. మెదడు శాస్త్రవేత్త షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, పండ్లరసానికి ముందు వచ్చే గుర్తు అలవాటయ్యాక మెదడులో ఆశను రేపే డోపమైన్ కణాలు రసానికి కాదు, ఆ గుర్తుకే స్పందించాయి. రసం వస్తుందో రాదో సగం సగం అన్నప్పుడు ఎదురుచూపులోనే స్పందన పెరుగుతూ పోయిందని ఆయన బృందం 2003లో చూపింది. తడి దుమ్ము అట్లాంటి గుర్తే.

బండకు ఈ సంగతి పట్టదు. మన గ్రానైటులో నీళ్లుండేది పైన మెత్తబడ్డ పొరలో, దాని కింద బండ చీలికల్లో, అంటే గ్యాపుల్లో. ఎక్కువ భాగం 300 అడుగుల లోపే. లోతుకు పోయేకొద్దీ గ్యాపులు తగ్గుతాయి, చాలా బండ్లకు అడుగు రేటు మాత్రం పెరుగుతుంది.

"మూడు పోయినయ్, ఈసారి పడాలె" అన్నదీ తప్పుడు లెక్కే. బోరుకు మూడింట ఒకవంతు అవకాశం ఉందనుకున్నా, మూడూ ఎండిపోవడం నూటికి 30 సార్లు జరుగుతుంది. ఆ తర్వాత నాలుగోదాని అవకాశం పెరగదు. ఒకే చెలకలో, ఒకే బండ మీద అయితే తగ్గుతుంది కూడా. కొబ్బరికాయ నిలబడ్డచోటే పాయింటు అనుకునేవారికీ ఇదే లెక్క.

అందుకే బండి రాకముందే, పగటిపూట, కాయితం మీద మూడు అంకెలు రాయాలె: ఎన్ని అడుగులకు ఆపాలె, కేసింగుతో కలిపి ఎన్ని రూపాయలు దాటొద్దు, ఈ ఏడాది ఎన్ని బోర్లు. నాలుగో బోరుకు ముందు ఒకటే ప్రశ్న: ఈ చెలక ఇయ్యాలనే కొన్నా, పాత బోర్లతో నాకు సంబంధం లేదు అనుకుంటే ఇక్కడ బోరేస్తానా?

ఆ కాయితం ఇంటి దగ్గరున్న మనిషి చేతిలో ఉండాలె. అంకె మార్చాలంటే ఫోన్ చేసి వాళ్లను ఒప్పించాలె. బండివాళ్లకు పైసలొచ్చేది అడుగుల మీద; వాళ్లను సలహా అడగొద్దు.

— ఇద్దరు అధ్యాపకులు, నల్లగొండ