వార్షిక నివేదిక: ముందు మరమ్మతు, తర్వాత రంగు

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మనం ఒక తీర్మానం చేసుకున్నాం, గుర్తుండే ఉంటుంది. మన సంఘానికి తెచ్చే చెక్క సామాను ఏదైనా ముందు మరమ్మతుతో గట్టిపడాలి, ఆ తర్వాతే రంగు బల్ల ఎక్కాలి. అప్పట్లో గొణిగినవాళ్లు చాలామందే. "సెలవురోజు సరదాగా రంగులు పూసుకుందామని వస్తే ఈ రిపేర్ల గోలేంటి?" అన్నారు. ఏడాది గడిచింది. ఆ తీర్మానాన్ని కొనసాగించాలని కార్యవర్గం ఏకగ్రీవంగా కోరుతోంది. కారణాలు కింద ఉన్నాయి.

మరమ్మతు తరగతులు

ఎప్పటిలాగే ఊగే కుర్చీలదే పైచేయి. కుర్చీ ఊగుతుంటే సందులో కాస్త తెల్ల జిగురు పోసి, పక్కనుంచి ఓ మేకు దిగ్గొట్టడం చాలా ఇళ్లలో అలవాటు. కానీ ఆ జిగురు చెక్కలోకి ఇంకితేనే పట్టు దొరుకుతుంది. ఎండిపోయిన పాత జిగురు పొర మీద అది సరిగా అంటుకోదు. మేకు సంగతి సరేసరి, కొన్నాళ్లకు చెక్క చీలి జాయింటే పోతుంది. అందుకని తరగతిలో ప్రతి కుర్చీనీ పూర్తిగా విప్పించాం. ఏ కాలు ఎక్కడిదో మర్చిపోకుండా టేపు ముక్కల మీద గుర్తులు రాసి అంటించడం, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి ఊడదీయడం, అడ్డకర్రల కొసల మీది పాత జిగురును ఉలితో గీకేయడం, వీటికే పూటలో సగం పోయింది. ఓపిక లేదన్నవాళ్లు కూడా గీకడం మొదలుపెట్టాక లేవలేదు.

బిగించడానికి అందరి దగ్గరా పెద్ద క్లాంపులు (జిగురు ఆరేదాకా చెక్కను నొక్కిపట్టే బిగింపులు) ఉండవు. నాలుగు కాళ్ల చుట్టూ తాడు రెండు చుట్లు వేసి, మధ్యలో ఓ పుల్ల దూర్చి మెలిపెడితే తాడే క్లాంపు పని చేస్తుంది. మెలి వదలకుండా పుల్ల కొసను అడ్డకర్రకు ఆనించాలి. జిగురు ఇంకా తడిగా ఉండగానే మూల నుంచి ఎదురు మూలకు టేపుతో కొలవాలి. రెండు కొలతలూ ఒకటైతే కుర్చీ వంకర లేకుండా నిలబడినట్టు, తేడా ఉంటే అప్పుడే సర్దుకోవాలి. బయటికి ఉబికిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడిచెయ్యాలి. జిగురు మిగిలిన చోట చెక్క స్టెయిన్ (చెక్కలోకి ఇంకే పల్చటి రంగు) పీల్చుకోదు, పాలిపోయిన మచ్చ తేలుతుంది.

పేము అల్లికకు ఈసారి మంచి ఆదరణ దొరికింది. కుర్చీ చట్రానికి రంధ్రాలుంటే పోగు పోగుగా అల్లాలి. గాడి ఉంటే, ముందే అల్లిన షీటును నానబెట్టి గాడిలోకి దించి, పైన సన్నటి పేము పుల్లను కొట్టి బిగించాలి. తడి ఆరేకొద్దీ అల్లిక దానంతటదే బిగుసుకుంటుంది కాబట్టి మరీ లాగి బిగించనక్కర్లేదు. ఇదే తరగతిలో వియన్నాలో మైకేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ గురించి చెప్పుకున్నాం. ఆవిరితో వంచిన ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే ఆ కుర్చీ. విప్పి ప్యాక్ చేస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవట. పేము సీటు పాడైతే దాని చట్రం ఒక్కటీ విప్పుకుని అల్లుకోవచ్చు. ఈమధ్య వచ్చే స్టేపుల్ కొట్టిన కుర్చీలతో పోల్చి చూసి సభ్యులు కాసేపు నిట్టూర్చారు.

రంగు బల్ల దగ్గర

ఒక సభ్యురాలు ముదురు రంగు చెక్క సొరుగుల బల్లకు తెల్ల రంగు వేసుకొచ్చారు. తెల్లారేసరికి పసుపు, గోధుమ రంగు మచ్చలు తేలాయట. మరో కోటు వేశారు, మళ్లీ తేలాయి. చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం నీటి ఆధారిత రంగులో కరిగి పైకి వస్తుంది. అలాంటప్పుడు రంగు ఎన్ని కోట్లు వేసినా దండగే. మచ్చను లోపలే ఆపే షెల్లాక్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేశాక సమస్య తీరింది. షెల్లాక్ అంటే వేరే ఏదో కాదు, లక్క పురుగు ఇచ్చే మన లక్కే, స్పిరిట్‌లో కరిగించి వాడతారు.

చాక్ పెయింట్ మోజు ఈ ఏడాదీ తగ్గలేదు. 1990లో బ్రిటన్‌లో ఆనీ స్లోన్ తయారుచేసిన రంగు ఇది. గరుకు కాగితం పెద్దగా పట్టకుండానే చాలా ఉపరితలాలను పట్టుకుంటుంది, అందుకే అంత పేరు. అయితే ఆరాక అది మరకలు పీల్చుకునే రకం. పైన మైనం గానీ వార్నిష్ గానీ తప్పదు. మైనం పూసిన దాని మీద తర్వాత మామూలు రంగు వెయ్యాలంటే ఆ మైనమంతా తీసేయాల్సిందే. భోజనాల బల్ల పైభాగానికి మైనం వద్దని, గట్టి వార్నిష్ మేలని నా సలహా. ఒప్పుకోనివాళ్లు సమావేశంలో వాదించొచ్చు.

ఇంకో మాట. "చేతికి అంటడం లేదు, ఆరిపోయింది" అని ఆ రోజే అలమరలో పుస్తకాలు సర్దేసుకున్నవాళ్లు, తర్వాత వాటిని పీక్కోవాల్సి వచ్చింది. నీటి ఆధారిత రంగు గంటా రెండు గంటల్లో పైకి ఆరినట్టే ఉంటుంది. పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు.

గరుకు కాగితం విషయంలో పద్ధతి మారలేదు: 80, 120, 180 నంబర్ల కాగితాలు వరసగా (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు), చెక్క గీతల వెంబడే. వెనీర్, అంటే పైన అతికించిన పల్చటి చెక్క పొర, ఉన్న సామానుకు 80 అసలు తాకించకండి. ఆ పొర చాలాసార్లు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, మిషన్ పెడితే క్షణంలో కింది చెక్క బయటపడుతుంది.

జాగ్రత్తలు

ఈ రెండింటి మీద ఎవరితోనూ బేరాలు లేవు. అవిసె నూనె అద్దిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యకండి. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. వేడి పోయే దారి లేకపోతే గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత ఉన్న ఇనప డబ్బాలో వెయ్యండి.

రెండోది సీసం. పాత సామాను మీది కింది పొరల్లో సీసం కలిసిన రంగు ఉండొచ్చు. దాన్ని పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. పరీక్ష చేయించని పాత రంగు సామానును ఇకపై హాలులోకి రానివ్వం. పాత రంగు ఉన్న ఉయ్యాలలు, పిల్లల మంచాలు మాత్రం అసలు తీసుకోం.

ఇంటి అలంకరణ

ఇక్కడ జరిగింది తక్కువే. గోడ రంగు ఎంచుకునే తరగతి ఒకటి బాగా నడిచింది. షేడ్ కార్డు చూసి నిర్ణయించకుండా, పెద్ద అట్ట మీద రెండు కోట్లు వేసి, పొద్దున, సాయంత్రం, లైటు వేశాక గదిలోని వేర్వేరు గోడల దగ్గర పెట్టి చూడాలని చెప్పాం. పటాలు మరీ పైన తగిలించే అలవాటు మీద కూడా మాట్లాడుకున్నాం. పటం మధ్యభాగం నేల నుంచి 145, 150 సెంటీమీటర్ల మధ్య ఉంటే కంటికి హాయిగా ఉంటుంది. తడి గోడల మీద వాల్‌పేపర్ అడిగినవారికి ముందు చెమ్మ సంగతి చూసుకోమన్నాం. వాళ్లకు ఆ జవాబు నచ్చలేదు.

పనిముట్లు, లెక్కలు, వచ్చే ఏడాది

పనిముట్ల అర నుంచి తీసుకెళ్లేవాళ్లు పెరిగారు, తిరిగి ఇచ్చేవాళ్లు అంతగా పెరగలేదు. చిత్రికలు, ఉలులు మొండిబారి వస్తున్నాయి. వచ్చే ఏడాది తొలి తరగతి వాటికి సాన పట్టడం మీదే. జమాఖర్చుల పట్టిక కోశాధికారి సమావేశంలో చదివి వినిపిస్తారు.

వచ్చే ఏడాదికి మూడు ప్రతిపాదనలున్నాయి: సోఫా కుషన్ విప్పి కొత్త ఫోమ్ వేయడం, లామినేట్ బీరువాలకు బాండింగ్ ప్రైమర్ (నున్నటి ఉపరితలాన్ని పట్టుకునే అడుగు పూత) వాడకం, పొడవైన అలమరలు ముందుకు పడకుండా గోడకు బిగించడం. మూడోదాన్ని మాత్రం ఓటుకు పెట్టకుండానే ఆమోదించాలని మనవి. చిన్నపిల్లలున్న ఇళ్లకు ముందుగా మన సభ్యులే వెళ్లి బిగించి వస్తారు. వెళ్లగలిగేవాళ్లు సమావేశం రోజు పేర్లు ఇవ్వండి.

ఆ రోజు వచ్చేటప్పుడు ఎవరి దగ్గరైనా సంఘం క్లాంపులుంటే దయచేసి వెంట తీసుకురండి. కొలత టేపులు కూడా.

ఇట్లు,
కార్యదర్శి