బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు ఒక్కసారి బ్రేకు తొక్కి చూడాలి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లెటూరు. నా దగ్గర ఒక పాత బెంజి కారు ఉందండి. ఈ250డి, 1996 మోడల్, ఏపీ 05 నంబరు. బెంజి కంపెనీ మన దేశంలో మొట్టమొదట పుణెలో టెల్కోతో (ఇప్పటి టాటా మోటార్స్) కలిసి తయారుచేసింది ఈ మోడల్‌నే, బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు దీన్ని డబ్ల్యూ124 అంటారు. టైగరు రొయ్యల మీద నాలుగు డబ్బులు చూసిన ఒక రైతు కొన్నాడు దీన్ని. కొన్న నాలుగో నెలలో, నవంబరు 6న, తుపాను వచ్చింది. వెయ్యి మందికి పైగా పోయిన ఆ తుపానులో ఆయన కొబ్బరితోట సగం నేలకొరిగితే, పెంకుటింటి పంచలో ఉన్న ఈ కారుకు మాత్రం ఏమీ కాలేదు. తర్వాత రొయ్యలు పోయాయి, డబ్బూ పోయింది, కారు పదేళ్ళు కొబ్బరిమట్టల కింద పడుంది. 2009లో నేను కొన్నాను, మా ఆవిడ ఆ రోజు ఏమందో ఇక్కడ రాయను.

నేను ఫీజు తగ్గించమని అడగడానికి రాయడం లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. పోయినసారి, 2021లో, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 600 కట్టాను. మళ్ళీ 2026 జూలైకి గడువు. ఇరవై ఏళ్ళు దాటిన కారుకి ఇప్పుడది 10 వేలు. అది ఢిల్లీ వాళ్ళు 2025 ఆగస్టులో పెట్టిన రేటు, మీరు పెట్టింది కాదని తెలుసు. కడతాను. కట్టిన డబ్బుకి నా బండిని నిజంగా పరీక్ష చేయండి, నేను అడిగేది ఇదొక్కటే.

2021లో ఏం జరిగిందో చెబుతాను. ఏ ఆఫీసో చెప్పను, అందరి అనుభవమూ ఇంచుమించు ఇదే కాబట్టి. పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళి మధ్యాహ్నం రెండు దాకా నిలబడ్డాను, ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు, బండి చుట్టూ ఒక రౌండు తిరిగారు, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దించారు, ఫొటోలు తీయించారు, "బండి బాగా పెట్టుకున్నారండి" అన్నారు, అంతే అయిపోయింది. బానెట్ ఎత్తమనలేదు. కిందకి వంగి చూడలేదు. మన వైపు ఎం.వి.ఐ. గారిని, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుని, ఎవరూ ఎం.వి.ఐ. అనరు కదండీ, మా నాన్నగారి కాలం నుంచీ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే అంటారు. ఆ పేరున్న ఆయన నా బండి బ్రేకు తొక్కలేదు.

మూడు నెలల తర్వాత వెనక బుష్‌లు మార్చడానికి బండిని ర్యాంపు ఎక్కిస్తే మా మెకానిక్ టార్చిలైటు వేసి, "ఇటు రండి బాబుగారూ" అని పిలిచాడు. వెనక చక్రాలకి పోయే బ్రేకు పైపు, యాక్సిల్ పైన ఎవరికీ కనపడని చోట, తుప్పు పట్టి ఉబ్బిపోయింది. గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలింది. "దీంతోనేనండి రావులపాలెం దాకా వెళ్ళొస్తన్నారు? ఆయ్, అదృష్టవంతులండి" అన్నాడు. ఆ పైపుతోనే నాకు ఐదేళ్ళకి కాగితం ఇచ్చారు మీ శాఖ వాళ్ళు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ వారంలోనే మా అమ్మని కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద వచ్చాను.

కోనసీమలో బండికి వయసు కన్నా గాలి పెద్ద శత్రువు. సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలి, ఆరు నెలలు ఆరని తేమ, రొయ్యల లారీల వెనకాల వెళ్తే అద్దం మీదా బండి కిందా పడే నీళ్ళు. హైదరాబాదులో ముప్ఫై ఏళ్ళ బండి అడుగున దుమ్ము ఉంటుంది, మా దగ్గర పదేళ్ళ బండికే అడుగున చిల్లులుంటాయి. పెయింటు మెరుస్తూ ఉంటే లోపల జాకీ పెట్టే చోటు పిండిలా అయిపోయి ఉండొచ్చు. బ్రేకు ఆయిల్ కూడా అంతే, గాలిలో తేమని పీల్చుకుంటుంది, నేను రెండేళ్ళకోసారి మార్చేస్తాను, మా ఊళ్ళో కొత్త కార్లున్న వాళ్ళు చాలామందికి అది మార్చాలనే తెలియదు. అందుకే చెబుతున్నాను, పుట్టిన తేదీ చూసి బండిని లెక్కకడితే నా బండి విషయంలోనూ తప్పవుతుంది, పక్కింటివాడి ఎనిమిదేళ్ళ బండి విషయంలోనూ తప్పవుతుంది.

ఈ కారు మీద నేను పెట్టిన డబ్బుకి ఒక కొత్త చిన్న కారు వచ్చేది, ఒప్పుకుంటాను. దీని డీజిల్ పైపులు ప్లాస్టిక్‌వి, చివర చిన్న రబ్బరు రింగులుంటాయి, అవి ఎండిపోతే గాలి లాక్కుని పొద్దున్నే స్టార్ట్ అవదు. నాలుగు నెలలు సెల్ఫ్‌నీ బ్యాటరీనీ అనుమానించాక తెలిసింది, తప్పంతా వందల్లో దొరికే రింగులది. స్టార్టింగుకి ఇంజనుని లోపల వేడిచేసే గ్లో ప్లగ్గులు మసి పట్టి ఇంజను హెడ్‌లో ఇరుక్కుపోతాయి, ఇంజను వేడి మీద ఉన్నప్పుడు ఓపిగ్గా విప్పాలి, తొందరపడితే విరిగి హెడ్ దించాల్సి వస్తుంది. ఆ ఏళ్ళ బెంజిలకి ఇంజను వైరింగ్ పైపొర ఎండి రాలిపోవడం కూడా తెలిసిన జబ్బే. సామాను కొంత విజయవాడ ఆటోనగర్‌లో, కొంత ఢిల్లీ కాశ్మీరీ గేటులో దొరుకుతుంది, మిగతాది జర్మనీ నుంచి కస్టమ్స్ కట్టుకుని తెప్పించుకోవడమే. అయినా ఐదు సిలిండర్ల ఆ ఇంజను ఒకసారి అందుకున్నాక గౌతమి బ్రిడ్జి మీద ఎలా వెళ్తుందో, వానలో ఆ ఒక్క వైపరు చెయ్యి చాచి అద్దమంతా ఎలా తుడుస్తుందో చూస్తే ఖర్చు గుర్తుండదు. సరే, ఆ సొద మీకెందుకు.

అసలు చిక్కు ఇక్కడుంది. నా బండికి హెడ్‌లైట్ల లోపలి రిఫ్లెక్టర్లు మసకబారాయి. షాపులో ఎల్‌ఈడీ బల్బులు పెట్టించుకోమన్నారు. నేను పెట్టించుకోలేదు, హాలోజన్ కోసం చేసిన లైటులో అవి పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది, రెండు వైపులా కాలవలున్న మా రోడ్ల మీద ఎదుటివాడికి ఒక్క క్షణం కళ్ళు కనపడకపోతే నీళ్ళలో ఉంటాడు. అందుకని ఒరిజినల్ రిఫ్లెక్టర్లే తెప్పించి వేశాను. ముందు బ్రేకులు మాత్రం మార్చాను, ఇదే మోడల్‌లో పెద్ద ఇంజను బండికి కంపెనీయే వేసిన పెద్ద బ్రేకులు, అవే బోల్టులు, అదే కంపెనీ సామాను. ఇది తప్పా ఒప్పా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, మారిస్తే ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బండి బాగా ఆగాలని బ్రేకు వేసుకున్నవాడూ, ఊరంతా అదిరేలా సైలెన్సరు వేసుకున్నవాడూ ఇద్దరూ ఒకే సెక్షన్ కిందికి వస్తారేమోనని నాకు టెన్షన్. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లని అడిగాను. ఒకాయన "ఏం పర్లేదు" అన్నారు, ఇంకొకాయన "మీరు అడగలేదు, నేను వినలేదు" అన్నారు. ఏ మార్పు చెల్లుతుందో, దేనికి ముందే అనుమతి కావాలో మీ శాఖ తెలుగులో ఒక పేజీ రాసి ఆఫీసు గోడకి అంటిస్తే చాలు.

పరీక్ష సంగతి. లారీలకీ బస్సులకీ యంత్రాల మీద పరీక్ష చేసే స్టేషన్లు వస్తున్నాయి కదా, మా పాత కార్లని కూడా వాటి మీదకి ఎక్కించండి. నాలుగు చక్రాల బ్రేకు ఎంత పడుతుందో విడివిడిగా కొలవండి. బండిని పైకి లేపి అడుగున సుత్తితో తట్టి చూడండి. హెడ్‌లైటు ఎత్తు చూడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చదవండి, 2314 అంటే 2014లో 23వ వారం అని ఎవరైనా చదవొచ్చు. నా స్టెప్నీ మీద 2009 తేదీ కనపడ్డప్పుడు సిగ్గేసింది, గాడి మాత్రం కొత్తదానిలా ఉంది. ఫలితాలన్నీ అంకెలతో కాగితం మీద రాసివ్వండి.

పొగ కూడా కొలవండి. నా బండి 2020 తర్వాత వచ్చిన బీఎస్6 బండంత శుభ్రం కాదు, అలా అని వాదించను. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు తిప్పుతాను, అదీ లెక్కలో వేసుకోండి. కానీ పాత డీజిల్‌కి పొగ 65 యూనిట్లు దాటకూడదని రూలుంటే, పొగ కొలిచే గొట్టాన్ని సైలెన్సరులో పెట్టాలి కదా! ఒకసారి రోడ్డు పక్క వ్యానులో నాకు నంబరు ప్లేటు ఫొటో తీసి సర్టిఫికెట్ ఇచ్చేశారు, ఇంజను ఆపేసి ఉంది. ఆ కాగితం ఇంకా దాచుకున్నాను.

పాత బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా అంటారేమో. దానికి 50 ఏళ్ళు నిండాలి, నా బండికి 2046 రావాలి, పైగా అలా రిజిస్టరైన బండిని రోజువారీగా తిప్పకూడదు. నాకు ఇది మ్యూజియంలో పెట్టుకునే వస్తువు కాదండి, మా అమ్మని రాజోలు తీసుకెళ్ళే కారు.

పరీక్షలో నా బండి ఫెయిలైతే కాగితంలో ఏం రాశారో చూసి బాగుచేయించుకుని మళ్ళీ వస్తాను. బాగుచేయడానికి వీల్లేనంతగా అడుగు తినేసి ఉంటే, నేనే తీసుకెళ్ళి తుక్కుకి ఇచ్చేస్తాను, ఆ మాట రాసి సంతకం పెట్టమన్నా పెడతాను. మొంథా తుపాను తర్వాత రోడ్ల మీద గుంతల్లో పడి ముందు బాల్ జాయింటు ఒకటి లూజైంది, ఈ నెలలో మార్పిస్తున్నాను. జూలైలో స్లాటు బుక్ చేసుకుని వస్తాను. ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు పెన్సిలు తీసేముందు ఒక్కసారి డ్రైవరు సీట్లో కూర్చోవాలని మనవి.

ఇట్లు,
ఏపీ 05 బెంజి యజమాని,
అమలాపురం దగ్గర, కోనసీమ