టాపెట్ మూత దగ్గర ఆయిల్ చెమ్మ: బండి మళ్ళీ తీసుకురండి, డబ్బులు అక్కర్లేదు

మన షెడ్డులో బండి ఇచ్చే అన్నలకు, అక్కలకు, బాబాయిలకు,

ఉగాది తర్వాత మన దగ్గర టాపెట్ సెట్టింగ్ (ఇంజన్ వాల్వుల సందు సరిచేయడం) చేయించుకున్న స్ప్లెండర్, హెచ్ఎఫ్ డీలక్స్, పాత ప్యాషన్ బండ్లు మొత్తం 31. వాటిలో 19 బండ్లు హెడ్ (సిలిండర్ కొసన వాల్వులుండే భాగం) దగ్గర ఆయిల్ చెమరుస్తోందని తిరిగొచ్చాయి. తప్పు బండిది కాదు, మీరు తోలిన తీరుదీ కాదు. టాపెట్ మూతలకి ఆయిల్ కారకుండా మేం వేసిన ‘ఓ-రింగులది’, అంటే గుండ్రటి రబ్బరు రింగులది. అవి కొన్నది నేనే.

ఈ ఇంజన్లో సిలిండర్ నిలబడి ఉండదు, దాదాపు పడుకుని ముందుకు చూస్తుంటుంది. అందుకని హెడ్డుకి ఒక టాపెట్ మూత పైన, ఒకటి కింద వస్తాయి. పైది ఇన్‌లెట్ వాల్వుది, కిందది ఎగ్జాస్ట్‌ది. హెడ్డులోకి ఎక్కిన ఆయిల్ కింది మూత మీదే నిలుస్తుంది, ఆ పక్కనే సైలెన్సర్ బెండు కాలుతుంటుంది. రింగు ఏ మాత్రం తేడాగా ఉన్నా ముందు చెమ్మ పట్టేది అక్కడే. కారిన చుక్క బెండు మీద పడి కాలిపోతుంది కాబట్టి ఇంటి ముందు నేల మీద మరక కనపడదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాడు వాసన మాత్రం వస్తుంది. బండి కదిలాక గాలికి ఆయిల్ వెనక్కి పాకి ఫిన్నుల (ఇంజన్ని చల్లబరిచే రేకుల) మధ్య దుమ్ముతో ముద్ద కడుతుంది. అది చూసి సిలిండర్ ప్యాకింగ్ పోయిందని ఇంజన్ విప్పేసిన వాళ్ళున్నారు. ముందు ఇంజన్ని కిరసనాయిలు, బ్రష్షుతో కడిగి, బాగా ఆరనిచ్చి, టాల్కం పౌడర్ చల్లి పది నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచండి. తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, ముందు ఉన్నది ఏదో అదే లీకేజీ.

ఇక రింగుల సంగతి. పదేళ్ళుగా మాకు రబ్బరు సామాను వేసే డీలర్ ఈసారి వంద రింగుల సంచి పంపాడు. పైకి చూస్తే నల్లగా నిగనిగలాడుతూ ఉన్నాయి. తిరిగొచ్చిన బండ్లు అయిదు దాటాక మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూశాను. కంపెనీ రింగు కన్నా ఇవి సన్నం. మూత గాడిలో బిగిస్తే కంపెనీ రింగు దాని మందంలో సుమారు అయిదో వంతు నలుగుతుంది. ఆ నలుగుడే ఆయిల్‌ని ఆపేది. ఈ రింగు నలిగేది పదో వంతు కూడా లేదు. కొత్తలో మెత్తగా ఉంటుంది కాబట్టి ఆపుతుంది. అందుకే మేం అయిదు కిలోమీటర్లు తోలి చూసినప్పుడు పొడిగానే ఉంది. రెండు మూడు వందల కిలోమీటర్లు వేడి తిన్నాక రబ్బరు ఆ నలిగిన ఆకారంలోనే బిగుసుకుపోయి మళ్ళీ ఉబ్బదు. విప్పిన రింగుని బ్లేడుతో కోసి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన కోత ఒక పక్క చదునుగా ఉంది. వేళ్ళ మధ్య వంచితే సన్నటి వెంట్రుక పగుళ్ళు.

డీలర్‌కి చూపిస్తే, ‘అందరూ ఇవే వాడుతున్నారు, మీ కుర్రాళ్ళకి బిగించడం రాదు’ అన్నాడు. వాడని 38 రింగులు వెనక్కి తీసుకుంటానన్నాడు. నేనివ్వలేదు. ఆ సంచి కౌంటర్ పక్కన మేకుకి వేలాడుతోంది, ఎవరికి కావాలంటే వాళ్ళు కొలుచుకోవచ్చు. మా కుర్రాళ్ళ చేతి గురించి మాట పడాల్సిన పని నాకు లేదు.

ఒక తప్పు మాత్రం మాదే. మొదట వచ్చిన మూడు బండ్లకి రింగు మార్చకుండా మూత ఇంకాస్త బిగించి పంపాం. ఆ మూతకి 10, 12 న్యూటన్ మీటర్లు చాలు, పొట్టి పానాతో ఒక చేతి మణికట్టు బలమంతే. అంతకు మించితే రింగు నలిగి చస్తుంది, హెడ్డు అల్యూమినియం కాబట్టి మర తెగుతుంది. ఒక బండికి తెగింది కూడా. లేత్ షెడ్డులో స్లీవ్ (కొత్త మర ఉన్న గొట్టం) వేయించి ఇచ్చాం, ఖర్చు మాదే.

నాకు నాలుగు రోజులు నిద్ర పట్టనివ్వనివి ఆ 19 కావు, మిగిలిన 12. వాటికి లీకేజీ లేదు, ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. బాగున్న బండి వాళ్ళకి ఫోన్ చేసి నీ బండిలో చెత్త రింగు వేశానని చెప్పడమెందుకని ఇంట్లో అన్నారు, షెడ్డులోనూ అదే మాట. బాగున్న మూత విప్పితే మరకి ఒక అరుగుదల ఎక్కువే కదా అని నాకూ అనిపించింది. కానీ ఈ ఇంజన్లో పోసేదే లీటరు లోపు ఆయిల్. చెమ్మ బెండు మీదే కాలిపోతుంటే యజమానికి తెలియదు, తర్వాతి సర్వీసు దాకా ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూసేవాళ్ళు ఎందరు? ఆయిల్ తగ్గితే ముందు అరిగేది హెడ్డులో వాల్వుల్ని కదిలించే క్యామ్, రాకర్లు. మూత మర అరిగితే నేను బాగు చేయించగలను. క్యామ్ అరిగితే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. అందుకే 12 మందికీ ఫోన్ చేశాను. ఇద్దరు నవ్వారు, ఒకాయన తిట్టారు.

కొంతమంది, ‘గమ్ పూసి పంపెయ్యి అన్నా, అయిపోతుంది’ అంటున్నారు. పూయను. సిలికాన్ గమ్ పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. మూత తిప్పుతున్నప్పుడు సగం లోపలికి పిండుకుపోతుంది, ఆ తీగలు తెగి కింద ఆయిల్ జల్లెడలో చేరితే పంపుకి ఆయిల్ అందదు. గమ్ కావాలంటే ఊళ్ళో చాలా షెడ్లున్నాయి.

ఇప్పటి నుంచి కంపెనీ రింగులే, ఒక్కొక్కటీ కొలిచాకే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత విప్పుతాం. రింగు కూర్చునే అంచుని గుడ్డతో తుడుస్తాం తప్ప స్క్రూడ్రైవరు, ఎమరీ కాగితం తగలనివ్వం. అక్కడ ఒక్క గీత పడినా ఏ రింగూ ఆపదు. రింగుకి ఇంజన్ ఆయిల్ రాసి, మెలిక లేకుండా గాడిలో కూర్చోబెట్టి, మూడు చుట్లు చేత్తో తిప్పాకే పానా. కంపెనీ రింగు ధర ఎక్కువ కాబట్టి వచ్చే నెల నుంచి టాపెట్ సెట్టింగ్‌కి కొంచెం పెంచక తప్పదు. ఈ 31 బండ్లకి మాత్రం పైసా వద్దు, తగ్గిన ఆయిల్ కూడా నేనే పోస్తాను.

వచ్చేలోపు మీరు చేయాల్సింది ఒకటే. బండిని సెంటర్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు ఆడించి ఆపండి. మరో మూడు నిమిషాలాగి డిప్‌స్టిక్ తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి చూడండి. కింది గీతకి దిగితే కొద్దికొద్దిగా పోయండి, పై గీత దాటొద్దు. ఎక్కువైతే లోపల ఒత్తిడి పెరిగి బాగున్న సీల్ కూడా కారుతుంది.

పొద్దున ఎనిమిదికి షెడ్డు తీస్తాం. అప్పుడే తోలుకొచ్చిన బండైతే చల్లారడానికి గంట పడుతుంది. వీలుంటే రాత్రే వదిలి వెళ్ళండి.