‘ఏ బండికమ్మా ఇది?’ అని అడిగిన మేస్త్రి గారికీ, మిగతా అందరికీ

మొన్న శుక్రవారం రాత్రి రెండు దాటాక ఆఖరి ఫోటో తీశాను. 3,600వది. అయిదు నిమిషాల బొమ్మల సినిమా అయిపోయింది. పారేసిన ఫోటోలు ఈ లెక్కలో లేవు, వాటి ఊసు ఎత్తకండి.

స్టాప్ మోషన్ అంటే ఏంటని మా బంధువులు ఇప్పటికీ అడుగుతున్నారు. బొమ్మని వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, ఇంకాస్త కదిపి ఇంకో ఫోటో. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ఫోటోని రెండు ఫ్రేముల పాటు నిలబెడితే సెకనుకి 12 ఫోటోలు చాలు. చాలు అంటున్నాను గానీ, అన్నీ కలిసొచ్చిన రోజున నాకు నాలుగు సెకన్ల సినిమా వచ్చేది.

కథ ఇంకా చిన్నది. ఆరో తరగతి పిల్ల. నాన్న పోయాడు. క్వార్టర్లీ ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం కావాలి. పిల్ల పాత కార్డు ముందేసుకుని నాన్న సంతకం నేర్చుకుంటుంది. 1998లో, సత్యనారాయణపురంలో, ఆ పిల్లని నేనే.

మొదటి నమస్కారం ఆటోనగర్‌కి. బొమ్మ లోపలి అస్థిపంజరం ముందు అల్యూమినియం తీగతో చేశాను. అటూ ఇటూ వంచగా వంచగా నెల తిరక్కుండానే మోచెయ్యి పుటుక్కుమంది. తీగ కాదు, కీళ్లు కావాలని అప్పుడు బుర్రకెక్కింది. నాలుగు షెడ్లలో ‘ఇంత చిన్న పని మాకు కుదరదమ్మా’ అన్నారు. అయిదో షెడ్డులో లేత్ మేస్త్రి గారు నా డ్రాయింగుని తలకిందులుగా కూడా చూసి, ‘ఏ బండికమ్మా ఇది?’ అన్నారు.

‘బండికి కాదండీ, ఆడపిల్ల భుజం’ అన్నాను.

ఆయన నవ్వలేదు. ‘ఎంత లోడు మోస్తుంది?’ అని అడిగారు.

పాత బేరింగుల్లోంచి చిన్న చిన్న బాల్స్ ఊడదీశారు. అవి గట్టి ఉక్కు, డ్రిల్ బిట్ దిగదు. వాటిని ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి, రాత్రంతా నెమ్మదిగా చల్లారనిచ్చారు. తెల్లారేసరికి మెత్తబడి బెజ్జం పడింది. దానికి సన్నటి కడ్డీ దిగ్గొట్టి, బాల్‌ని రెండు పలకల మధ్య ఇరికించి బోల్టు బిగిస్తే భుజం. అలెన్ కీ పావు తిప్పు ఎక్కువైతే చెయ్యి కదలదు, తక్కువైతే వాలిపోతుంది. మూడోసారి వెళ్లినప్పుడు అది ఎవరి బొమ్మో అడిగారు. చెప్పాను. ఆ తరవాత డబ్బులు ముట్టలేదు. గొడవ కూడా పెట్టుకున్నాను, గెలవలేదు.

లోడు తగ్గించింది మాత్రం కొండపల్లి. ప్లాస్టిసిన్ అనే బొమ్మల మట్టితో చేసిన తల బరువుకి మెడ ఒరిగిపోయేది, పైగా మే నెల బెజవాడ ఎండకి ముఖం జారి గడ్డం కిందికొచ్చేది. తెల్ల పొణికి కర్ర అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే ఉండదు, అంత తేలిక. అక్కడి బాబాయి గారు తల చెక్కి, చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో ముక్కూ చెవులూ అతికారు. నవ్వు వద్దన్నానని మాత్రం చాలాసేపు బాధపడ్డారు. ‘నవ్వని బొమ్మని ఎవరు కొంటారమ్మా?’ చివరికి నోరు లేకుండా చెక్కించుకున్నాను. కాగితంతో పద్ధెనిమిది నోర్లు కత్తిరించి, షాటుకి కావలసినది అంటించుకుంటూ పోయాను.

గవర్నర్‌పేటలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే అన్నయ్య లేకపోతే ఈ సినిమా అంతా కన్ను కొట్టుకునేది. మొదటి నెల తీసిందంతా వరసగా ఆడిస్తే వెలుతురు మినుకుమినుకుమంది. బల్బులు మార్చాను, కిటికీలకి నల్లగుడ్డ కట్టాను, తగ్గలేదు. ఆయన రెండు నిమిషాలు చూసి తప్పు లెన్సుదని తేల్చేశారు. ఈ కాలం లెన్సులో అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ప్రతి ఫోటోకీ మూసుకుని తెరుచుకుంటుంది, ఒక్కోసారి పిసరు తేడాగా మూసుకుంటుంది. ఒక్క ఫోటోలో ఎవరికీ తెలీదు, పన్నెండు వరసపెడితే దొరికిపోతుంది. వాళ్ల నాన్నగారి కాలం నాటి మాన్యువల్ లెన్సు, చేత్తో రింగు తిప్పేది, అడాప్టర్ పెట్టి ఇచ్చారు. అన్నయ్యా, లెన్సు తుడిచి డబ్బాలో పెట్టాను, ఈ వారం తెచ్చిస్తాను.

అయినా రోజుకోసారి వెలుతురు పడిపోయేది. అది నీళ్ల మోటారు. మా వాచ్‌మన్ గారికి ఓసారి చెప్పానంతే, ఆ రోజు నించి స్విచ్ వేసేముందు కిందనించి ‘మోటారు వేస్తున్నానమ్మా!’ అని కేకేసేవారు. నేను చేతులు కట్టుకుని ట్యాంకు నిండేదాకా కూర్చునేదాన్ని. ఆ కేక మొత్తం అపార్ట్‌మెంటుకి అలారం అయింది. ఎవరూ విసుక్కోలేదు, వాళ్లకీ థ్యాంక్స్.

గుంటూరులో పిల్లల మానసిక వైద్యం చూసే స్నేహితురాలికి స్క్రిప్టు పంపితే ఒక్క మాట రాసింది: ‘ఎందుకు ఇంత ఏడిపిస్తున్నావు?’ పిల్లలు దుఃఖంలో రోజంతా మునిగి ఉండరట. కాసేపు ఏడుస్తారు, పది నిమిషాల్లో ఆటకి పోతారు, మళ్లీ ఎప్పుడో అన్నం దగ్గర అడుగుతారు. అది మర్చిపోవడం కాదు, వాళ్లు మోయగలిగినంతే ఎత్తుకుంటారు. నాకు చటుక్కున గుర్తొచ్చింది. పదో రోజున వచ్చినవాళ్లంతా లోపలుంటే నేను మెట్ల మీద అష్టాచెమ్మా ఆడాను. ఎవరో అత్తయ్య ‘దీనికి చీమ కుట్టినట్టయినా లేదు’ అంది. ఆ మాట ఇరవై ఏళ్లు మోశాను. గ్లిజరిన్ కన్నీళ్ల సీను తీసేసి అష్టాచెమ్మా పెట్టాను. థ్యాంక్స్ డాక్టరమ్మా.

ఇక అమ్మ. నాన్న బొమ్మకి ఆయన చొక్కా గుడ్డే వెయ్యాలనుకున్నాను. అమ్మ బీరువా లోంచి గళ్ల చొక్కా తీసిచ్చింది. జానెడు బొమ్మకి ఆ గళ్లు కిటికీ ఊచల్లా కనబడ్డాయి. నేను మాట్లాడకుండా మడత పెడుతుంటే అమ్మ లోపలికెళ్లి ఆయన చేతిరుమాలు తెచ్చింది. సన్నగళ్లు. కుట్టింది కూడా తనే, గుండీలకి ఆవాలు అతికించమని చెప్పిందీ తనే.

సంతకం షాటు ఏడు సెకన్లు, 84 ఫోటోలు. కాగితం మీద అద్దం పలక పెట్టి, దాని మీద మార్కర్‌తో పూర్తి సంతకం పెట్టి, స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో కొసనించి కొంచెం కొంచెం తుడుస్తూ ఫోటోలు తీయాలి. తరవాత వరస తిరగేస్తే సంతకం దానంతటదే పుట్టుకొస్తుంది. నాన్న తెలుగులోనే పెట్టేవాడు. చివర ‘రావు’లో వు కొమ్ముని వెనక్కి లాగి పేరు కింద గీతగా తెచ్చేవాడు, కింద రెండు చుక్కలు. రెండు రోజులు పట్టింది. అమ్మని పిలిచి చూపించాను.

‘మీ నాన్న చుక్కలు ముందు పెట్టేవారు. గీత ఆ తరవాత.’

కాగితం మీద అయితే ఏది ముందో ఎవరికి తెలుస్తుంది? నేను ఎప్పుడూ గీత గీసి చుక్కలు పెట్టాను.

‘నీ ప్రోగ్రెస్ కార్డులో గీత చుక్కల పైన ఆగిపోయింది. ఆయనది వాటి మధ్యనించి పోయేది.’

‘నువ్వు చూశావా?’

‘చూసి సంచిలో పెట్టేశాను.’

ఆ షాటు మళ్లీ తీశాను. ఈసారి అద్దం మీద సంతకం పెట్టింది అమ్మ.

లెక్కల మాస్టారు ఎక్కడున్నారో నాకు తెలీదు. నాన్న పోయాడని మా క్లాసులో తెలియనివాళ్లు లేరు, పెద్దకర్మకి ఆయన కూడా వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్లారు. క్వార్టర్లీకి, హాఫ్ ఇయర్లీకి, యాన్యువల్‌కి మూడుసార్లూ పోయిన మనిషి సంతకంతో కార్డు ఇచ్చాను. మూడుసార్లూ తీసుకుని, పక్కన ఎర్ర ఇంకుతో తన పొడి అక్షరాలు వేసి, బీరువాలో పెట్టారు. సినిమాలో మాస్టారి బొమ్మకి రాగి తీగతో కళ్లజోడు చేశాను. ఎవరికైనా ఆయన జాడ తెలిస్తే చెప్పండి.

వచ్చే ఆదివారం చీకటి పడ్డాక మా డాబా మీద దుప్పటి కట్టి వేస్తున్నాం. పైన రాసిన వాళ్లందరూ రావాలి. మేస్త్రి గారు, మీరు తప్పకుండా, భుజం ఎలా తిరుగుతోందో మీరే చూసి చెప్పాలి.

ఆఖరి ఫోటో తీసి లైట్లు ఆపగానే అమ్మ అడిగిన మొదటి మాట, ‘ఇప్పుడన్నా ఫ్యాన్ వేసుకోవచ్చా?’ పదకొండు నెలలు ఆ గదిలో ఫ్యాన్ లేదు, గాలికి గుడ్డలు కదులుతాయని. ఒకేసారి అయిదు మీద వేసింది. నోర్లన్నీ ఎగిరి గదంతా పడ్డాయి. పదహారు దొరికాయి, రెండింటి కోసం మంచం కింద ఇంకా వెతుకుతున్నాం.