సీమంతానికి అడగని ఊరు పేరు గుడ్డుకెందుకు? మంత్రి గారికి బహిరంగ లేఖ

మహిళా శిశు సంక్షేమం చూసే మంత్రి గారికి,

నమస్కారం. ప్రజావాణిలో మూడు సోమవారాలు నిలబడి మూడు అర్జీలు ఇచ్చాను. రసీదులున్నాయి, జవాబే లేదు.

మా అమ్మాయికి తొలి కాన్పు. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకున్నాం. మీ ఇంట్లోనూ ఈ ఆచారం ఉండే ఉంటుంది. గర్భిణులకు అంగన్‌వాడీలో భోజనం, గుడ్లు, పాలు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి పథకం మాత్రం అత్తగారి ఊరు దాటి రాలేదు. "పేరు అక్కడుంది, గుడ్డు ఇక్కడెట్ల ఇస్తం?" అన్నారు మా అంగన్‌వాడీలో. అక్కడికి ఫోన్ చేస్తే "మనిషి ఇక్కడ లేదు కదమ్మా" అన్నారు. పేరు మార్పించుకోమని ఒకరు, ఆధార్‌లో చిరునామా మార్చమని ఇంకొకరు. తిరిగి తిరిగి వచ్చేసరికి తొమ్మిదో నెల పడింది. నెలకు 30 గుడ్లు, రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు, ఒక పూట భోజనం. కాగితం మీద మా పిల్ల ఇవన్నీ ఎక్కడో ఒకచోట తినే ఉంటుంది.

నేను ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఆ జీతంతో గుడ్లు కొన్నాను, రోజూ మాత్రం కాదు. కడుపులో బిడ్డకు బరువు ఎక్కువగా పట్టేది ఈ చివరి మూడు నెలల్లోనే. తల్లి నుంచి ఇనుము దాచుకునేదీ అప్పుడే. మా అమ్మాయి హిమోగ్లోబిన్ 8.6, ఉండాల్సిన దానికంటే తక్కువ. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం దిగ్బంధంతో నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. అప్పుడు కడుపులో ఉన్న పిల్లలను యాభయ్యేళ్ల వయసులో పరీక్షిస్తే, రక్తంలో చక్కెరను అదుపు చేసే శక్తి తగ్గినట్టు తేలింది. అది యుద్ధం. మాకొచ్చింది రిజిస్టరు సమస్య.

మనవడు 2 కిలోల 100 గ్రాములతో పుట్టాడు. గుడ్లు అందకనే అని ఒట్టేసి చెప్పలేను. అందకుండా పోయాయని మాత్రం చెప్పగలను.

"బాకీవి తర్వాత కలిపి ఇప్పిస్తాం" అని ఒక అధికారి ఓదార్చారు. పింఛనైతే బకాయి కలిపి ఇవ్వొచ్చు. ఎనిమిదో నెలను మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తారు మంత్రి గారూ?

పోషణ మాసమని సెప్టెంబరులో మా ఊళ్లోనే సామూహిక సీమంతం చేశారు. మా అమ్మాయికి గాజులు తొడిగి ఫొటో తీసుకున్నారు. ఆ రోజు పేరు ఏ ఊళ్లో ఉందని ఎవరూ అడగలేదు.

మా వీధికి ఇంకో ఇద్దరు పుట్టింటికొచ్చారు. కూలి ఇళ్లు. ఒకమ్మాయికి ఎనిమిదో నెల నడుస్తోంది. ఎక్కడ ఉంటే అక్కడే ఇచ్చేలా ఒక్క ఉత్తర్వు వేయండి. లేదంటే ఆ పిల్లకైనా ఈ వారంలో ఇప్పించండి, దండం పెడతాను.

ఇట్లు,
ఒక అమ్మమ్మ